లాభం, రెండు, మూడు

మా అంగన్‌వాడీలో నా నోటికి జడవని పిల్లలు లేరు. జడవకపోతే నెత్తినెక్కి కూర్చుంటారు మరి! కానీ నాలుగేళ్ల గౌరి దగ్గర మాత్రం నా పప్పులు ఉడకలేదు. చేరిన మర్నాటి నుంచి రెండు నెలలుగా నోరు విప్పలేదు. పిల్లలంతా గుండ్రంగా కూర్చుని లెక్కల ఆట ఆడుతుంటే, తను గోడకు అతుక్కుపోయేది.

వాళ్లమ్మ దేవి ఏడుపు ముఖంతో వచ్చింది. “ఇంటికాడ దీని నోరు మూతపడదు టీచరు గారూ. ఇక్కడికొస్తే ఏటైపోతన్నాదో! మూగదని పిల్లలు ఎక్కిరిస్తన్నారు.”

ఏం చెయ్యాలో తోచక, గౌరిని చూద్దామని ఆదివారం పొద్దున్నే సముద్రపు ఒడ్డుకు వెళ్లాను. గౌరి నాయనమ్మ దాలమ్మ పడవలోంచి దించిన చేపలు తట్టలో వేస్తోంది. పక్కన గౌరి గొంతు చించుకుంటోంది. “లాభం! రెండు! మూడు!”

“ఒకటనకూడదు టీచరమ్మా, లాభమనాల. అప్పుడే తట్ట నిండుతాది,” అంది దాలమ్మ.

మొదటిరోజు ఆటలో ఈ పిల్ల అన్నది అదే. “లాభమేంటే, ఒకటి అను!” అని కసిరాను. పిల్లలంతా పకపకా నవ్వారు. అప్పుడు మూసుకుంది నోరు. కోటబొమ్మాళిలో మా నాన్న ధాన్యం కొలిచినా మొదటి కుంచాన్ని లాభమనే అనేవాడు. అన్నీ తెలిసి కసిరాను, ఛీ!

సోమవారం నేలమీద తాడు గుండ్రంగా పరిచి పిల్లల్ని అందులో కూర్చోబెట్టాను. “ఇది వల. మీరు చేపలు.” బాబీ తలమీద చెయ్యి పెట్టి “లాభం!” అన్నాను. నవ్వబోయినవాళ్ల వైపు ఒక్క చూపు చూశాను. “ఆ రోజు గౌరి సరిగ్గానే చెప్పింది. నేనే తప్పుగా తిట్టాను. గౌరీ, ఈ చేపల్ని నువ్వు లెక్కపెట్టమ్మా.”

గౌరి గోడ వదిలి మెల్లగా వచ్చి, బాబీ తలమీది నా చెయ్యి తీసేసి తన చెయ్యి పెట్టింది. “లాభం,” అని గొణిగింది. “రెండు. మూడు.” నాలుగు దగ్గరకొచ్చేసరికి గొంతు పెరిగింది. పదో తల అయ్యాక ఆగింది.

తాడు బయట నిలబడి నేను కళ్లు తుడుచుకుంటున్నాను. గౌరి వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టి లాగింది.

“నువ్వూ వల్లోకి రా టీచరూ. నిన్నింకా లెక్కెట్టలేదు.”

వెళ్లి పిల్లల మధ్య కూర్చుని తల వంచాను.