హ్యాండ్‌బ్యాగు పరీక్ష

ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు, ఆమె రాజీనామా అందిందని సిబ్బంది విభాగం నుంచి కబురొచ్చింది. ఆమె రాజీనామా చేయలేదు.

అప్పటికి ఆమె పరీక్ష బల్ల దగ్గర నల్ల అట్ట మీద కుంచెతో ఇరవై ఆరో గీత గీస్తోంది. కుంచె ఆమె తయారుచేసినదే. మొహానికి రాసుకునే పౌడరు పిడిలో ఉంటుంది. పిడి చివర తిప్పితే జల్లెడలోంచి కుచ్చులోకి దిగుతుంది. మొదటి గీతకు ఎంత రాలిందో నలభయ్యో గీతకూ అంతే రాలాలి. రెండేళ్లుగా ఆమె పని అదే. చర్మం రంగు పౌడరు కంటికి ఆనదు కాబట్టి పరీక్ష కోసం అందులో ఒక పొడి కలుపుతారు. ఊదా దీపం కింద పెడితే అది నారింజ రంగులో వెలుగుతుంది.

"సంతకం మీదేగా మేడమ్?" అన్నాడు సిబ్బంది అధికారి, ఆమె తన గదికి రాగానే. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీయకుండానే చూపించాడు. సంతకం ఆమెదే. చివర్లో కొక్కెం కూడా ఉంది. రాసుకోవడానికి ఆమె పెన్ను అడిగి తీసుకున్నాడు. "పోస్టులో వచ్చింది. నాలుగింటికి పైకి పంపాలి. ఏదైనా ఉంటే ఆలోగా చెప్పండి."

ఆమె భర్తకు ఫోన్ చేసింది.

"ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పెట్టావు. పోస్టులో వేయమని నువ్వే నా చేతికిచ్చావు. అదీ మర్చిపోయావా? కావాలంటే అమ్మనడుగు."

అడిగింది. "పెన్ను అందించింది నేనే కదమ్మా," అంది అత్తగారు. "నీకు ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదు. ఇంటిపట్టున ఉంటే అదే సర్దుకుంటుందిలే."

మూడు నెలలుగా ఆమెకేదీ గుర్తుండటం లేదని ఇంట్లో అంటున్నారు. గ్యాస్ కట్టి వెళ్లేది, వచ్చేసరికి కట్టలేదనేవారు. తాళాలు మేకుకు తగిలించేది, పిండి డబ్బాలో దొరికాయనేవారు. "మా ఆవిడ బుర్రను కూడా టిఫిన్ బాక్సులో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్తుంది," అని భర్త చుట్టాల ముందు అన్నప్పుడు అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మర్నాటి నుంచి గ్యాస్ కట్టిన టైము అరచేతిలో రాసుకోవడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. తన చేతులతోనే ఇంకొకామె ఆ ఇంట్లో తిరుగుతోందని ఆమెకు అనిపించసాగింది. తను కట్టింది ఆమె తెరుస్తుంది. తను తగిలించింది ఆమె దాస్తుంది. అలాంటప్పుడు ఆమె పెట్టే సంతకం కూడా తన సంతకంలాగే ఉంటుంది.

బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆ రోజు చేయాల్సిన పని ఒకటి కనిపించింది. నెల రోజులుగా ఒక కుంచె ఆమె హ్యాండ్‌బ్యాగులో తిరుగుతోంది. కొన్నవాళ్లు ఎలా పడేసుకుంటారో అలాగే పడేసుకుని, ముప్పయ్యో రోజున కారుతోందేమో చూడాలి. బ్యాగు తెరిచి దీపం పెట్టింది. లోపలంతా నారింజ రంగు. తన చేతులు చూసుకుంది. మణికట్టు దాకా, గోళ్ల కింద కూడా అదే. ఆ పొద్దున చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో లెక్కలేదు.

కడిగినా పోకపోతే, తను ముట్టుకున్న ప్రతిచోటా ఇది అంటుకునే ఉండాలి. పన్నెండింటికి దీపం బ్యాగులో పెట్టుకుని ఇంటికి వెళ్లింది.

కర్టెన్లు మూసి దీపం వేసింది. కుళాయి మీద చేతిముద్రలు. స్విచ్చుల మీద, ఇస్త్రీపెట్టె పిడి మీద, భర్త చొక్కాల కాలర్ల మీద, అత్తగారి మాత్రల డబ్బా మీద. భర్త కుర్చీ చేతుల మీద తుడిచిన చారలు. డైనింగ్ టేబుల్ నిండా గుడ్డ తిప్పి తుడిచిన అర్ధచంద్రాలు. మూడు వారాల క్రితం అటక ఎక్కించిన దుప్పట్ల మూట మీద కూడా ఐదు వేళ్లు.

"పట్టపగలు దెయ్యంలా ఆ దీపమేమిటే అమ్మాయ్?" అంది అత్తగారు గది గుమ్మంలోంచి.

"లీకు చూస్తున్నానత్తయ్యా."

"కుళాయికా?"

"కుంచెకి."

అత్తగారు తలుపు వేసుకుంది.

ఆమె ఒక్కొక్క ముద్ర దగ్గరా ఆగింది. ఇది సోమవారం పాలు పొంగినప్పటిది. ఇది అత్తయ్యకు మాత్ర ఇస్తుంటే మూత జారినప్పటిది. పడగ్గదిలో మంచం పక్కన గోడ మీద, కిందగా, నాలుగు వేళ్లు ఈడ్చినట్టున్నాయి. అవీ గుర్తున్నాయి. ఏ వారమో కూడా గుర్తుంది. ఇల్లంతా రెండుసార్లు తిరిగింది. తనకు గుర్తులేని ముద్ర ఒక్కటీ దొరకలేదు.

తర్వాత తెల్ల కాగితం తీసుకుని, ఆదివారం సంతకం పెట్టావన్న టేబుల్ దగ్గరే కూర్చుని సంతకం పెట్టింది. దాన్ని కవర్లో వేసింది.

మూడున్నరకు అధికారి గది కర్టెన్లు ఆమే మూసింది.

"సినిమానా మేడమ్?" అన్నాడతను.

"ఆ కాగితం బయటికి తీయండి. నేను ముట్టుకోను."

అతను మూల పట్టుకుని తీసి, ఆమె తెచ్చిన కాగితం పక్కన పెట్టాడు. దీపం కింద రెండు కాగితాలూ నీలంగా మెరిశాయి. ఆమె తెచ్చినదాని మీద సంతకం కింద చెయ్యి ఆనిన చోటు, పట్టుకున్న వేళ్లు, వెనకవైపు టేబుల్ చారలు నారింజ రంగులో ఉన్నాయి. రాజీనామా మీద సంతకం చుట్టూ ఏమీ లేదు. వెనక్కి తిప్పినా లేదు. మూలన మాత్రం ఒక బొటనవేలి ముద్ర ఉంది.

"ఇదెవరిది?"

"మీదే. పొద్దున నా పెన్ను పట్టుకున్నారు."

అతను తన వేళ్లను దీపం కింద పెట్టి చూసుకున్నాడు. "ఈ కాగితం మీ ఇంటి టేబుల్ ఎక్కలేదన్నమాట," అన్నాడు. నాలుగింటికి దాన్ని పైకి పంపలేదు.

నాలుగుంబావుకు ఆమె పరీక్ష నివేదిక పూర్తిచేసింది. ముప్పయ్యో రోజు. కారుతోంది, మెడ బిగింపు దగ్గర. పౌడరు పడిన చోట్లు: కుళాయి, స్విచ్చులు, ఇస్త్రీపెట్టె, చొక్కాలు, మాత్రల డబ్బా, టేబుల్, దుప్పట్లు, గోడ. పడని చోటు: రాజీనామా పత్రం. తర్వాతి పరీక్ష జరిగే చోటు అన్న గడిలో ఇంటి చిరునామా ముందే అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి, సంతకం పెట్టింది.