తండ్రి ఉన్నవాడు తల ముట్టడు

…అంటే సంతకం పడేదాకా నాన్న బతికున్నట్టే లెక్క, చావుని కూడా వాయిదా వేయించగలదన్నమాట ఈ కుర్చీ, అనుకుని అధ్యక్షుడు సాగిందిక్ టీ గిన్నె ఎత్తాడు, దించాడు, తాగాడో లేదో గుర్తులేదు, పొద్దున ఎనిమిదింటికి ఖదీషా అక్క ఫోన్ చేసి తమ్ముడూ, నాన్న పోయాడ్రా అంది, అయ్యో అనాల్సిన నోరు ఎవరికీ చెప్పకక్కా, సాయంత్రం దాకా, అంది, సరేలే, పెద్దవాడివైపోయావుగా అని అక్క పెట్టేసింది, ఆ మాట అప్పట్నుంచీ చెప్పులో రాయిలా గుచ్చుతోంది, ఎదురుగా పొరుగుదేశం అధ్యక్షుడు ఎర్మెక్, అరవై దాటినా పెళ్ళిలో బావగారి హుషారు, రొట్టె తుంచి అందరికీ పంచుతున్నాడు, అవతలి గదిలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద కాగితాలు, సరిహద్దు కంచె తీసేసి నది నీళ్ళు పంచుకునే ఒప్పందం, కలిసి మాంసం తినకుండా మాట ఖాయం కాదు కనుక ముందు భోజనం, తర్వాత సంతకం, పార్లమెంటు ఇచ్చిన గడువు ఇవాళ్టితో సరి, చావు కబురు బయటపడితే మూడు రోజులు సంతాపం, కలం ముట్టడానికి లేదు, గడువు దాటితే చాలు ఒప్పందాన్ని పాతిపెడదామని గోతికాడ నక్కల్లా కాచుక్కూర్చున్నవాళ్ళు సగం మంది ఈ గదిలోనే ఉన్నారు, రెండు గంటలు ఓపిక పట్టండి సార్, పోయినవాళ్ళకి తొందరేముంది అన్నాడు సలహాదారు దౌలెన్, అని నాలిక్కరుచుకున్నాడు.

ఏం ఏడాది ఇది, వసంతంలో జైళ్ళు తెరిచాడు, నూట నలభై మంది బయటికొచ్చారు, వాళ్ళని లోపల వేయించింది నాన్నే, ఒకప్పటి హోంమంత్రి, ఆ రోజునుంచి నాన్న మాట్లాడటం మానేశాడు, ఎండాకాలంలో పత్రికలకి వేసిన తాళాలు తీశాడు, నాన్న గోడమీంచి కొడుకు పటం తీయించేశాడు, ఆకులు రాలేవేళ కంచె తీసేద్దామని ఎర్మెక్‌కి కబురు పంపాడు, అప్పుడు మాత్రం నాన్నే పిలిపించి, మంచం మీంచి లేవకుండానే, ఆ కంచె ప్రతి స్తంభం దగ్గరుండి పాతించాన్రా, నేను బతికుండగా అది నువ్వు పీకలేవు అన్నాడు, పీకుతాను చూడు అని నాలిక చివరిదాకా వచ్చింది, మందు వేసుకున్నావా నాన్నా అన్నాడు, అదే ఆఖరి మాట, ముసలాడు మాట నెగ్గించుకున్నాడు, పోయి పోయి ఇవాళే పోయాడు, కోపం రావాలి, వస్తోంది కూడా, మరి కళ్ళెందుకు మండుతున్నాయి, పొగ, అవును, వంటవాళ్ళు తలుపు తీశారు, పళ్ళెం వచ్చింది, ఉడికించిన పొట్టేలు తల, మూతి అతిథి వైపు తిప్పి ఎర్మెక్ ముందు పెట్టారు.

ఎర్మెక్ గుండె మీద చెయ్యి వేసుకుని పళ్ళేన్ని మెల్లగా ఇవతలికి తోశాడు, అయ్యయ్యో నాకొద్దు, మా నాన్నకి తొంభై ఒకటి, ఇప్పటికీ గుర్రమెక్కి వచ్చి నా మంత్రుల్ని తిట్టిపోతాడు, తండ్రి ఉన్నవాడు తల ముట్టుకుంటే తండ్రి చావు కోరినట్టే, ఈ సంగతి తెలిసిందంటే అదే గుర్రానికి కట్టి నన్ను ఈడుస్తాడు, అందరూ నవ్వారు, నీకూ కుదరదుగా తమ్ముడూ, పెద్దాయన ఎలా ఉన్నాడు, నన్ను తిట్టే ఓపిక ఉందా ఇంకా, మళ్ళీ నవ్వులు, బాగున్నాడు అంటే చాలు, ఒక్క మాట, పళ్ళెం పక్కనున్న, తండ్రి ఎప్పుడో పోయిన ఏ ముసలి మంత్రి ముందుకో వెళ్ళిపోతుంది, సంతకం అవుతుంది, కంచె పోతుంది, దౌలెన్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఏడేళ్ళప్పుడు తను మావయ్య పెళ్ళిలో ఆకలికి ఆగలేక ఇలాంటి తల మీదికే చెయ్యి చాచాడు, ఫెడీమని పడింది చేతిమీద దెబ్బ, నేనింకా చావలేదురా వెధవా అన్నాడు నాన్న, గుడారమంతా గొల్లున నవ్వింది, కాసేపటికి ఎవరూ చూడకుండా ఆ చేతినే దగ్గరికి తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదాడు, ఏం తమ్ముడూ, పలకవేం, పెద్దాయన ఎలా ఉన్నాడంటే.

సాగిందిక్ చెయ్యి చాచాడు, పళ్ళేన్ని తన వైపు లాక్కుని, కత్తి తీసి, పొట్టేలు చెవి కోశాడు, నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఇక ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, ఈ గదిలో అందరికీ అర్థమైంది, దౌలెన్ తల పట్టుకున్నాడు, ఎర్మెక్ లేచి చుట్టూ తిరిగొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, ఎప్పుడు, పొద్దున, పిచ్చివాడా, అప్పట్నుంచీ మాకు టీలు పోస్తూ కూర్చున్నావా, నా హెలికాప్టర్ ఇవాళ కదలదని చెప్పండి, ముందు పెద్దాయన్ని మోద్దాం, నన్ను మొయ్యనిస్తాడో లేచి తంతాడో, కాగితం సంగతి తర్వాత, తర్వాత అంటే ఎప్పుడు, గడువు, నక్కలు, ఏదీ బుర్రకెక్కడం లేదు, సాగిందిక్ తన చేతినే చూసుకుంటున్నాడు, జైళ్ళు తెరిచినప్పుడూ, తాళాలు తీసినప్పుడూ, కంచె మీదికి పోయినప్పుడూ, ఏడాది పొడుగునా ఆ దెబ్బ కోసం, దాని వెనకాలే వచ్చే ఉఫ్ కోసం ఈ చెయ్యి చాస్తూనే ఉన్నాడు, ఇవాళ ఏకంగా తల మీదే చాచాడు, దెబ్బ పడలేదు, నాన్న పోయాడు.