పగటిపూట కొండ

మా నాన్న ఆ కొండ మీదుగా లారీ తోలిన ఏళ్ళు నా వయసు కన్నా ఎక్కువ. కానీ కొండని చూడలేదు. పగలు బరువు బళ్ళని పైకి వదలరు. కింద గేటు దగ్గర ఆపేసి, చీకటి పడ్డాకే ఒకదాని వెనక ఒకటి పంపిస్తారు. తెల్లారేసరికి నాన్న అవతలి వైపు సరుకు దింపిస్తూ ఉండేవాడు.

ఇప్పుడు లారీ లేదు. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టర్ అన్నాడు. ఇంటికొచ్చాక నాన్న అడిగింది ఒక్కటే. “ఒక్కసారి ఆ కొండని పగలు చూడాలి.”

అందుకే ఆదివారం మావయ్య వచ్చాడు. కారు ఆయనదే, నడిపేదీ ఆయనే. వచ్చే వారం ప్రయాణం. దారిలో ఎక్కడెక్కడ ఆగాలో చాప మీద కూర్చుని మాట్లాడుకున్నాం.

“మొదట ఎక్కడ ఆపమంటావు బావా?”

“మూడో మలుపు దాటాక. ఇంజను వేడెక్కుతుంది.”

“నాది కారు బావా, లారీ కాదు.”

“అయితే ఆ పైన బండరాయి దగ్గర. అక్కడ గేరు తగ్గించకపోతే బండి వెనక్కి జారుతుంది.”

“అది సరే, అక్కడ ఏం కనిపిస్తుంది?”

నాన్న ఆలోచించాడు. “ముందు వెళ్ళే బండి వెనక లైట్లు.”

మావయ్య పగలబడి నవ్వాడు. “అత్తారింటి దారి కంఠతా వచ్చు గానీ అత్త మొహం తెలీదన్నట్టుంది!”

“నవ్వింది చాలు. మలుపు అన్న మాట వింటేనే నాకు కడుపులో తిప్పుతోంది,” అంది అమ్మ వంటింట్లోంచి.

“నువ్వెలాగూ ప్రతి మలుపులో ఆపిస్తావు కదక్కా. ఇంక ఈ ప్లాను ఎందుకు?” అంటూ మావయ్య టీ కోసం లోపలికెళ్ళాడు. వెళ్తూ ఫోను నా ఒళ్ళో పడేశాడు. “చదువుకుంటున్నదానివి, మంచి చోట్లు నువ్వు వెతుకు.”

నాకు ఇంట్లో కూడా గొంతు పెగలదు. నాన్నకి ఏదైనా చెప్పాలంటే అమ్మ చేత చెప్పిస్తాను. ఫోనులో వెతికాను. కొండ కొసన ఒక వ్యూపాయింట్ ఉందట. ఫోటోలో లోయ, తేలుతున్న మంచు, దాని కింద సన్నగా ఏరు. ఫోను నాన్న చేతికిచ్చాను.

కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు. ఒక పక్కకి వంచాడు. బొటనవేలు ఫోను అంచునున్న మీట మీద పడి తెర ఆరిపోయింది.

నాన్న చూస్తూనే ఉన్నాడు.

“బాగుంది. ఎంత లోతో!” అన్నాడు.

ఆ నల్లటి అద్దంలో ఆయన మొహం ఒక్కటే ఉంది.

ఈమధ్య గోడ పట్టుకుని నడుస్తుంటే మోకాళ్ళ నొప్పి అన్నాడు. నమ్మాం. ఇప్పుడు నేను చెబితే ప్రయాణం ఆగిపోతుంది. చెప్పకపోతే ఆ లోయ ముందు అందరం “అదిగో చూడు” అంటాం, ఆయన “బాగుంది” అంటాడు.

మావయ్య టీ గ్లాసులు తెచ్చి చాప మీద పెట్టాడు. “ఏమ్మా, దొరికిందా?”

“వ్యూపాయింట్ వద్దు మావయ్యా.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “దానికి ముందే ఒక జలపాతం ఉంది. చప్పుడు చాలా దూరం వినిపిస్తుందట. రోడ్డు దాకా తుంపర పడుతుందట. అక్కడ ఆగుదాం.”

“కొండెక్కేది తడవడానికా? చూడ్డానికి కదే!”

నాన్న టీ కోసం చెయ్యి చాచాడు. గ్లాసు ఉన్న వైపు కాదు, మావయ్య గొంతు వచ్చిన వైపు. గ్లాసు తీసి ఆ చేతిలో పెట్టాను. నా వేళ్ళని కాసేపు వదల్లేదు.

“అది చెప్పిన చోటే ఆపరా,” అన్నాడు. “అక్కడ ఎక్కువసేపు ఉందాం.”