ఏటి అవతలి చిమ్మట

అన్న పుస్తకంలో ఒక్క పేజీ మిగిలింది. రేపు ప్రెస్సుకి వెళ్లాలి. దాన్ని పూర్తి చేద్దామని తమ్ముడు ఆదివారం పొద్దున వదిన ఇంటికి వచ్చాడు. అన్న పోయి మూడు నెలలైంది.

ఆ పేజీ ఒక చిమ్మట గురించి. పై రెక్కలు ఎండుటాకు రంగు. కింది రెక్కలు పసుపు, అంచున నల్ల గీత. దాని గొంగళిపురుగు రేగు ఆకు తింటుంది, రేగు దొరక్కపోతే ఆముదం. ఇంతవరకూ అన్నే రాశాడు. ఎక్కడెక్కడ ఉంటుందన్న చోట ఖాళీ వదిలాడు. ఏటికి ఇవతలే ఉంటుందని పుస్తకాలన్నీ అంటాయి. అవతల కూడా ఉందని అన్న పదకొండేళ్లు మొత్తుకున్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. చివరి ఏడాది అవతలి గట్టు మీది రేగుపొదల్లో మూడు పట్టుకొచ్చాడు. ఈ వేసవిలో ఆ పొదలు కొట్టేసి రోడ్డు వేశారు.

"రుజువు పెట్టెలో ఉంది. లేచాక రాస్తాలే," అన్నాడు ఆసుపత్రిలో. లేవలేదు.

వదిన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. తమ్ముడు మూత తీశాడు. పది రకాల చిమ్మటలు, నలభై ఒకటి, సూదులకు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. సూదుల కింద చీటీల్లేవు. పట్టిన చోటు, తేదీ రాసి ప్రతి సూదికీ ఒక చీటీ గుచ్చేవాడు అన్న. చిమ్మట పేరు మాత్రం రాసేవాడు కాదు. పైన అదే ఉందిగా, మళ్లీ పేరెందుకు అనేవాడు.

"చీటీలేవి వదినా?"

"భద్రంగా ఉన్నాయిలే." బీరువాలోంచి ఆల్బం తీసింది. గోరంత చీటీలు, తేదీల వరసన, జిగురుతో అంటించి ఉన్నాయి. "ఇరవై ఆరేళ్ల కాపురంలో మీ అన్న నాకు రాసినవి రెండంటే రెండు ఉత్తరాలు. పురుగులకి మాత్రం తలా ఒకటి. వాటికేమన్నా చదువొచ్చా? నేనే తీసేసుకున్నా."

తమ్ముడు లెక్కపెట్టాడు. చివరి ఏడాది తేదీతో అవతలి గట్టు అని రాసినవే పదిహేడు.

"ఏది ఏ సూదిదో గుర్తుందా?"

"అన్నీ ఒక గిన్నెలో వేసి పేర్చుకున్నా. ఏం, తప్పా?"

"అబ్బే, ఏం లేదు."

"నీకు అబద్ధం చేతకాదు అబ్బాయ్." ఆమె పెట్టె చూసింది, ఆల్బం చూసింది. అర్థమైంది. ఒక చీటీ అంచుని గోటితో గీకింది. కాగితం చిరిగింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మూడు ఏరి గుచ్చేద్దాం," అంది. "నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?"

"అన్న ఒప్పుకోడు వదినా."

తమ్ముడు పెన్ను తీసి ఖాళీలో రాశాడు: ఏటికి ఇవతల మాత్రమే. ఆమె వంగి చదివింది.

"ఆయన కళ్లారా చూశాడు కదా," అంది.

"చూశాడు వదినా."