ఎండబెట్టిన ఫ్లాపీ

కంప్యూటరుతోటి పులి-మేక ఆడినోడు మన పలాస కాశీబుగ్గ మొత్తమ్మీద నానొక్కణ్ణే అనుకుంటాను. రెండువేల రెండో సంవత్సరం మాట. ఇప్పుడు సెప్తే కుర్రోళ్ళు నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. ఏడో తరగతి తప్పినోణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

అప్పుడు నాను కాశీబుగ్గలో ఓ జీడిపప్పు ఫేక్టరీలో, పిక్కలు ఎండబెట్టే కళ్ళం మీద పన్జేసీవోణ్ణి. మా బావ గోవిందు కూడా అక్కడే. నా ఆడది కామాక్షమ్మకి సొంత అన్న. కామాక్షమ్మ కిడ్నీలు పాడై కాలం సేసింది. మా ఉద్దానపోళ్ళకి ఆ మాట ఇవరంగా సెప్పక్కర్లేదు, ఊరూరా ఉన్న జబ్బే. పిల్లల్లేరు. ఆ తర్వాత నాకు మనిషంటే గోవిందే.

మద్దినేల బువ్వ తిన్నాక కళ్ళం గచ్చు మీద బొగ్గుముక్కతో గడి గీసుకునీవోళ్ళం. ఆడికి మూడు పులులు, నాకు పదిహేను మేకలు. పులులకి సింతపిక్కలు, మేకలకి జీడిపిక్కలు. పులి మేక మీంచి దూకితే మేక సచ్చినట్టు. మేకలన్నీ కూడి మూడు పులుల్నీ కదలకుండా కట్టీసినాయనుకో, మేకలు గెలిసినట్టు. మా ఫేక్టరీలో ఒక రూలుండీది. ఓడినోడు ఆ గడిని అరిసేత్తో తుడవాల. తుడిసి లెగిసినాడంటే అక్కడితో సరి, ఎవుడి మనసులో ఏటీ ఉండకూడదు.

గోవిందు ఆడినంతసేపూ నోరు మూయడు.

"ఏటి బావా, మేకల్ని మేపుతన్నావా, సంతకి తోలుతన్నావా?"

"ఆ మేకని సూడు, అచ్చం నీలాగే ఎటెల్లాలో తెలీక నిలబడిపోనాది."

ఎంత ఆటగాడైనా ఆడికో పిచ్చి. సివరికొచ్చీసరికి ఒక పులిని ఎడం పక్క కింది మూలకి తెచ్చీవోడు. అక్కడ దూరిందంటే ఇంక అంతే, సుట్టూ మేకలు పెట్టి బిగించీడమే. మిగతా రెండిట్నీ కట్టడం ఎంతసేపు? పదాటలాడితే ఏడు నావే. "ఎన్నాళ్ళకి నేర్సుకుంటావు బావా ఆ మూలకి రాకూడదని" అని నవ్వీవోణ్ణి. ఆడూ నవ్వీవోడు.

ఓ రోజు లారీ రావడం లేటైంది. పనోళ్ళందరూ మా సుట్టూ మూగీసినారు. గోవిందు కూతురు సంతోషి కేరేజీ పట్టుకుని ఒచ్చింది, అదీ నిలబడి సూత్తంది. ఎప్పట్లాగే పులి మూల్లో ఇరుక్కుంది. అప్పుడు గోవిందు నెమ్మదిగా అన్నాడు, "బావా, ఒక్క ఎత్తు ఎనక్కియ్యి."

ఎప్పుడూ అలగ అడగలేదు ఆడు.

"ఇవ్వను" అన్నాను.

"ఒక్కటే బావా."

"ఓడిపోనావు, తుడూ."

ఆడు తుడవలేదు. గడి కేసే సూత్తన్నాడు. జనం ఇకిలిత్తంటే నాకు ఊపొచ్చీసింది. లెగిసి, కాలితో బరబరా తుడిసీసినాను. గడి మీద ఆడి సెయ్యి ఇంకా ఉన్నాది. నా కాలు ఆ సేతికి తగిలింది.

సింతపిక్కలు మూడూ ఏరుకుని జేబులో ఏసుకున్నాడు. కూతురి సేతిలో కేరేజీ అందుకుని ఎలిపోనాడు. మర్నాడు పన్లోకి రాలేదు. వారం పోయాక తెలిసింది, జలంత్రకోటలో ఆళ్ళ కొబ్బరితోట దగ్గరికి కాపరం మార్సీసినాడని.

జలంత్రకోట ఎంత దూరం? ఇచ్ఛాపురం బస్సెక్కితే గంట పైమాట. ఎల్లలేదు. ఆడే వత్తాడులే అనుకున్నాను. ఏడాది పైన అయిపోనాది. మద్దినేల గచ్చు మీద ఒక్కణ్ణే కూకునీవోణ్ణి. ఒక్కోసారి గడి గీసి రెండు పక్కలా నానే ఆడీవోణ్ణి. రెండు పక్కలా తెలిసిపోతే ఇంకేటి ఆట?

మా ఫేక్టరీ గుమస్తా పాపారావు గారమ్మాయి గౌతమి కంప్యూటరు సెంటర్లో పాఠాలు సెప్పీది. ఫేన్సీ షాపు మేడ మీద. నాలుగు కంప్యూటర్లు, వాటికి సీర జాకెట్లంత అందంగా గుడ్డ తొడుగులు. ఆ అమ్మాయి ఏదో కోర్సు సదువుతూ, మన పులి-మేక ఆటని కంప్యూటర్లోకి ఎక్కిత్తానని పెట్టుకుంది. "నాన్నా, ఆ ఆట బాగా తెలిసినోళ్ళు కావాలి" అందంట. పాపారావు గారు నన్ను పంపినారు.

సెప్పులిప్పి లోపలికెల్లినాను. గౌతమి కుర్సీ ఏసింది. తెరమీద గడి, పచ్చగీతలతో. మౌసు సేతికిచ్చింది. మేకని ఒకసోట పెడదామంటే ఇంకోసోట పడీది. పక్కన కుర్రోళ్ళు కిసకిసలు.

"దీని పులి రెండు మేకల మీంచి ఒకేసారి దూకీసిందేటమ్మా? ఇది పులా, కంగారూనా?"

"అదే అంకుల్, తప్పులున్నాయి. పులి ఎలాగ ఆలోచించాలో మీరే సెప్పాలి. మీతో బాగా ఆడీవారు ఎవరు?"

"మా బావ."

"ఆయన్నీ తీసుకురండి."

ఏటి సెప్పను? కాలితో తన్నినానని సెప్పనా? "పోనాడమ్మా" అనీసినాను.

ఆ పిల్ల మొకం ఎలాగో అయిపోనాది. "అయితే ఆయన ఆటే దీనికి నేర్పిద్దాం అంకుల్" అంది.

రెండు నెల్లు. రోజూ రెండున్నర నించి నాలుగు దాకా. పులి ముందు నడిమికి ఎల్తాదని సెప్పినాను. మేకని సంపీ ఛాన్సు రెండు పక్కలా ఉంటే కుడిపక్కదే సంపుతాదని సెప్పినాను. సివరికి ఎడం మూలకి వత్తాదని సెప్పినాను. ఆ పిల్ల అదంతా కంప్యూటరు భాషలో కొట్టీది. మద్దిలో కరెంటు పోయీది, యూపీఎస్సు కుయ్‌కుయ్‌మని ఏడిసీది, పదినిమిషాలు కొట్టింది పోయీది. మళ్ళీ మొదలెట్టీది. ఒక్కసారి కూడా ఇసుక్కోలేదు.

ఓ రోజు ఆటలో పులి కదిలింది సూడండి. ముందు నడిమికి. తర్వాత కుడి మేక. తర్వాత నెమ్మదిగా, ఎడం మూలకి. "ఎన్నాళ్ళకి నేర్సుకుంటావు బావా!" అని గట్టిగా అరిసీసినాను. సెంటరంతా నాకేసి సూసింది. తెర ఏటీ అన్లేదు. నాను గెలిసినానని రాత పడి, గడి దానికదే ఖాళీ అయిపోనాది.

గెలిత్తానే ఉన్నాను. రోజూ. అయితే అది తిట్టదు, నవ్వదు. గౌతమికి ఆ మాటంటే, మర్నాడు తెర మీద ఓ సిన్న పెట్టె ఒచ్చీలాగ సేసింది. పులి కదిలినప్పుడల్లా ఇంగ్లీషు అచ్చరాల్లో 'బావా, కాస్కో' అని వత్తాది. ఒక్కో అచ్చరం కూడబలుక్కుని సదివినాను. సదివి బాతురూమ్‌కని బయటికెలిపోనాను.

పని అయ్యాక ఆ ఆటని ఓ ఫ్లాపీలో ఎక్కించి నాకిచ్చింది. నల్లటి సదరపు బిళ్ళ, మీద కాయితం అంటించి నా పేరు రాసింది. ఇంటికాడ కంప్యూటరేటీ లేదు, అయినా దాన్ని ట్రంకుపెట్టెలో కామాక్షమ్మ సీరల మద్దిలో పెట్టినాను.

వానలు పోయి, సలికాలం పోయి, ఎండలొచ్చినాయి. లో వోల్టేజీకి సెంటర్లో ఆ కంప్యూటరు హార్డ్ డిస్కు పోనాది. గౌతమి కబురెట్టింది. "అంకుల్, మీ ఫ్లాపీలో ఉన్నదొక్కటే మిగిలింది. తీసుకురండి."

తీసుకెల్లినాను. ఆ పిల్ల దాని రేకు జరిపి లోపలికి సూసింది. "సెమ్మ పట్టింది అంకుల్, తెల్లగా బూజు. ఇలాగ పెడితే డ్రైవు కూడా పోద్ది. నాకు ఇప్పుడు క్లాసుంది, రేపు తీసుకురండి, జాగ్రత్తగా తుడిసి సూద్దాం."

సెమ్మ అంటే నాకు సెప్పాలా? ముప్పై ఏళ్ళు ఆ పనే కదా నాది. సెమ్మ పిక్కకైనా, పప్పుకైనా, పరుపుకైనా మా కాడ ఒకటే మందు. మర్నాడు పొద్దున్నే కళ్ళం గచ్చు మీద, పిక్కల పక్కన, ఆ ఫ్లాపీని ఎండబెట్టినాను. గంటకోసారి తిరగేసినాను కూడా, రెండు పక్కలా సమానంగా ఎండాలని. ఏప్రిల్ ఎండ. మద్దినేలకి సూత్తే, ఏపిన అప్పడంలాగ వొంగిపోయి ఉన్నాది.

అలాగే పట్టుకెల్లినాను. గౌతమి సేతిలోకి తీసుకుని, దాని రేకుని గోటితో జరపబోయింది. జరగలేదు.

"ఎండలో పెట్టారా అంకుల్?"

"సెమ్మన్నావు కదమ్మా."

నవ్వుతాదేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఆట మళ్ళీ రాయొచ్చు అంకుల్. ఆయన ఎత్తులే... మీరు రెండు నెల్లు సెప్పారు, నేను ఎక్కడా రాసుకోలేదు. నాకు వైజాగులో ఉద్యోగం ఒచ్చింది, పది రోజుల్లో ఎల్లిపోవాలి. పోయినోళ్ళని మళ్ళీ అడగలేం కదా."

అప్పుడింక ఉండబట్టలేదు. "పోలేదమ్మా. బతికే ఉన్నాడు. జలంత్రకోటలో."

ఆ పిల్ల నన్ను పైనించి కిందికి సూసింది.

"మరి ఇన్నాళ్ళూ ఇక్కడేం సేస్తన్నారు అంకుల్?"

ఆదివారం ఇచ్ఛాపురం బస్సెక్కి జలంత్రకోట జంక్షన్లో దిగినాను. తోట దగ్గర గోవిందు కొబ్బరికాయలు ఒలుత్తన్నాడు. సిక్కినాడు. నన్ను సూసి, నన్ను కాదు, ఇంట్లోకి సూసి, "నీలవేణీ, ఎవులో ఒచ్చినారు, మంచినీళ్ళు తే" అన్నాడు.

గోవిందు ఆడది నీలవేణక్క గ్లాసు తెచ్చి, నన్ను సూసి ఆగిపోయి, గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికెలిపోనాది.

జేబులోంచి ఫ్లాపీ తీసినాను. "ఇందులో నువ్వున్నావు బావా" అన్నాను. జరిగిందంతా సెప్పినాను. కంప్యూటరు, పులి, మూల, ఎండ. సచ్చిపోనావని సెప్పిన మాట కూడా. ఆడు ఆ వొంగిన బిళ్ళని తిప్పి తిప్పి సూసి నాకిచ్చీసినాడు. లోపలికెల్లి, సింతపిక్కలు మూడూ తెచ్చినాడు. అవే. అరుగు మీద బొగ్గుతో గడి గీసినాడు. మేకలకి సిన్న సిన్న కొబ్బరిసిప్ప ముక్కలు.

ఆడినాం. ఒక్క మాట లేదు. మేకలు మేపుతన్నావా అన్లేదు, తోలుతన్నావా అన్లేదు. కంప్యూటరే నయం, అదైనా బావా అనీది. ఎడం మూలంతా ఒదిలిపెట్టి కూకున్నాను, వత్తాడని. రాలేదు. మేకల్ని ఒక్కోటే తినీసినాడు. రెండో ఆటా అంతే. మూడోదీ అంతే. అన్నీ ఆడే గెలిసినాడు.

"ఆ మూలకి రావేటి బావా?" అన్నాను.

ఆడు సింతపిక్కని ఏళ్ళ మద్దిలో తిప్పుతూ అన్నాడు, "సెల్లి పోయాక, గెలిసిన రోజే నువ్వు ఇంటికెల్లి పొయ్యి ముట్టించీవోడివి. ఓడిపోతే ఉత్తినే తొంగునీవోడివని పక్కింటోళ్ళు సెప్పీవోరు. అందుకని ఆ మూలకి ఒచ్చీవోణ్ణి."

నాను మిగిలిన కొబ్బరిసిప్ప ముక్కల్ని ఓ పక్కకి ఏరినాను.

"ఆ రోజు మా గుంట సంతోషి ఎదురుగా నిలబడింది. నాన్న ఎప్పుడూ ఓడిపోతాడని బళ్ళో అనీదంట. దాని ముందు ఒక్కసారి గెలుద్దామనిపించింది. అందుకే ఎత్తు అడిగినాను."

నాను అరుగు మీద వొంగినాను. ఓడినోణ్ణి నానే కదా. అరిసేత్తో తుడవడం మొదలెట్టినాను. బొగ్గు బాగా పట్టుంది, తొందరగా పోదు. కంటినీరు పడి ఇంకా మరకైపోనాది. ఆడు సూత్తానే ఉన్నాడు.

"ఆ మూల ఉండిపోనాది" అన్నాడు. "ఎడంది."

అదీ తుడిసినాను.

"బస్సు నాలుగున్నరకి" అన్నాడు. మళ్ళీ కొబ్బరికాయ అందుకున్నాడు.

జంక్షన్లో నానొక్కణ్ణే. బస్సు ఒచ్చింది, ఎక్కినాను. కండక్టరు కుర్రోడు టిక్కెట్టు సాపితే ఎడం సేత్తో అందుకున్నాను.

"ఎడం సెయ్యేటి మావా?" అన్నాడు, కోపంగానే.

"కుడి సేతికి మసి ఉంది బాబూ" అన్నాను. కాశీబుగ్గ దాకా ఆ సెయ్యి దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూకున్నాను.