కదలని ముల్లు

చిమ్నీ కిందున్న ఆ గదిలో ఒక కుర్చీ, ఒక స్టూలు, ఒక బల్ల, గోడకు బిగించిన ఎనలైజర్ తప్ప ఇంకేమీ పట్టవు. మందుల ఫ్యాక్టరీ గాలిలోకి ఎంత సాల్వెంట్ ఆవిరి వదులుతోందో ఎనలైజర్ నిమిషానికోసారి కొలుస్తుంది. మూడు నెలలకోసారి ఆ అంకెలన్నీ కూర్చి, సంతకం పెట్టి, కాలుష్య నియంత్రణ కార్యాలయానికి పంపడం పొగమ్మ పని. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. జనం నోళ్ళలో మాత్రం పొగమ్మే. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత ఫోనెత్తి తనే "పొగమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

ఆ రోజు రిపోర్టుకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదులోపు పంపాలి. అంకెలు బుద్ధిగానే ఉన్నాయి. పరిమితి యాభై అయితే ఏ రోజూ ముప్పై దాటలేదు. మూడు గంటలప్పుడు, ఇక సంతకమే తరువాయి అనుకుంటుండగా, గ్యాస్ సిలిండర్లు తెచ్చే డ్రైవరు గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"ఈ సిలిండర్ మార్చమని ఫోను చేసింది మీరేనా తల్లీ?"

"నేనే. తొమ్మిది నెలలయింది కదా, ఖాళీ అయుంటుంది."

"ఏం ఖాళీ? మీటరు ముల్లు నేను పెట్టిన రోజు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. కదిపి చూశా, బరువూ అంతే. నా నడుముకు తెలీదా?"

ఆమె బయటికి వెళ్ళి చూసింది. ముల్లు నిజంగానే కదల్లేదు.

ఆ సిలిండర్‌లో ఉండేది కొలత తెలిసిన గ్యాసు. దాన్ని ఎనలైజర్‌లోకి పంపి, అది సరిగ్గా చెబుతోందో లేదో పరీక్షిస్తారు. ఆ కాసేపూ వచ్చే అంకెలు చిమ్నీవి కావు కాబట్టి కాలిబ్రేషన్ బటన్ నొక్కుతారు, అవి రిపోర్టులోకి రావు. రిజిస్టరు ప్రకారం రోజుకు రెండుసార్లు, నలభయ్యేసి నిమిషాలు, తొమ్మిది నెలలపాటు ఈ పరీక్ష జరిగింది. సిలిండర్‌లోంచి మాత్రం గుక్కెడు గ్యాసు కూడా పోలేదు. అంటే పరీక్ష పేరుతో ఎవరో ఉత్తినే బటన్ నొక్కి, చిమ్నీ అంకెల్ని దాచేస్తున్నారు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది. కళ్ళు ఎలా మూయాలో నేర్పింది తనే. గోడ మీద తన గుండ్రటి అక్షరాలతో చీటీ: "కాలిబ్రేషన్‌కు ముందు ఈ బటన్ నొక్కండి. ఆ అంకెలు రిపోర్టులోకి రావు." కొత్తవాళ్ళకు తెలియాలని బాణం గుర్తు కూడా గీసింది.

డ్రైవరు మాట చెవిన పడిందేమో, పిలవకుండానే డ్రయ్యర్ తాత వచ్చాడు. మందు పొడిని ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర ఇరవయ్యేళ్ళుగా ఉన్న మనిషి. చేతిలో టీ గ్లాసు, చంకలో తన రిజిస్టరు. రెండూ బల్ల మీద పెట్టాడు.

"నొక్కింది నేనేనమ్మా. డ్రయ్యర్ మూత తీసేటప్పుడల్లా నొక్కమన్నారు. ఆ వేళకు నువ్వీ గదిలో ఉండవు, నేనొచ్చి నొక్కా. టీ చల్లారకముందే తాగు."

మూత తీస్తే సాల్వెంట్ ఆవిరి ఒక్కసారిగా చిమ్నీలోకి ఎగదన్నుతుంది. తాత రిజిస్టరు ప్రకారం పొద్దున పదికి, సాయంత్రం ఐదున్నరకు మూత తీస్తారు. బటన్ వేళలూ అవే. ఎనలైజర్ లోపలి జ్ఞాపకంలో అసలు అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి: నూట నలభై, నూట డెబ్బై, ఒకసారి రెండు వందల పది. అంతకుముందు రెండు రిపోర్టుల కాలంలోనూ అదే తంతు. ఆ రెండింటి మీదా తన సంతకమే.

ఆమె టీ తాగింది. రిపోర్టు మొదటి నుంచీ మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

నాలుగున్నరకు మామయ్య వచ్చాడు. అమ్మకు స్వయానా తమ్ముడు, ఫ్యాక్టరీకి మేనేజరు. ఇంట్లో ఆమె ఆయన్ని నువ్వంటుంది, ఇక్కడ మీరంటుంది.

"ఇంకా పంపలేదట?"

"అంకెలు మారాయి మామయ్యా." తెర ఆయన వైపు తిప్పింది.

ఆయన చూశాడు. ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకు గుచ్చుకుంది.

"ఆవిరి పీల్చే కార్బన్ ఫిల్టరు పనైపోయింది. మార్చాలంటే డ్రయ్యర్ తొమ్మిది రోజులు ఆపాలి. వచ్చే నెల మారుస్తా. ఈసారికి కానియ్యి."

"ఇది మూడో ఈసారి."

"గాలికి పోయే కంపను ఎందుకే తగిలించుకుంటావు?"

"అది తగులుతోంది నాకు కాదు. ఫ్యాక్టరీ గోడవతల బట్టలారేసుకునే వాళ్ళకి."

"వాళ్ళెవరైనా అడిగారా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురద లేదని మూడు నెలలకోసారి రాసిచ్చింది నేనే కదా."

మామయ్య గొంతు తగ్గించాడు. "నిన్ను చేయి పట్టుకుని బడికి తీసుకెళ్ళిందెవరు? ఈ కుర్చీలో కూర్చోబెట్టిందెవరు?"

"మీరే. బడి దారిలో తోళ్ళ గోదాం వాసనకు నేను వాంతి చేసుకుంటే, మీ జేబురుమాలు తడిపి నా ముక్కుకు కట్టిందీ మీరే. మీకేమీ కట్టుకోకుండా నడిచారు. గోడవతల ఎంతమందికి కడతారు మామయ్యా?"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. 

"పాత రిపోర్టుల సంగతి కూడా రాస్తే ముందు మునిగేది నువ్వే."

"రాశాను. నా తప్పు మొదటి పేరాలోనే ఉంది. ఆ చీటీ ఫొటో కూడా జతచేశా."

"అయితే రేపట్నుంచి రాకు."

"వస్తాను. రావద్దని కాగితం మీద రాసివ్వండి, దాన్నీ జతచేస్తా. ఐదుకు ఇంకా పదకొండు నిమిషాలుంది."

ఆయన చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆమె సంతకం పెట్టి పంపేసింది. అందినట్టు తెర మీద అక్షరాలు వచ్చేదాకా ఇద్దరూ చూశారు. మామయ్య లేచి వెళ్ళిపోయాడు. తలుపు విసురుగా వెయ్యలేదు. ఆ మాత్రం మామయ్య ఇంకా మిగిలే ఉన్నాడు.

లాబ్‌లో సిలిండర్లు దింపి డ్రైవరు మళ్ళీ వచ్చాడు. "ఇంతకీ మార్చాలా, వద్దా తల్లీ?"

"వద్దు. దీనితో ఇప్పుడే పని పడింది."

ఆమె గోడ మీది చీటీ పీకి జేబులో పెట్టుకుంది. బటన్ నొక్కి, బయటికెళ్ళి సిలిండర్ వాల్వు తిప్పింది. ముల్లు వణికి, వెంట్రుకవాసి కిందికి దిగింది. సిలిండర్ మీద రాసున్న అంకే ఎనలైజర్ మీదా వచ్చింది. పాపం, యంత్రం ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. వాల్వు మూసి బటన్ వదిలేసింది.

ఐదున్నరకు డ్రయ్యర్ తాత తొంగి చూశాడు.

"ఇవాళ్టికి మూత తీయొద్దని మీ మామయ్య కబురు పెట్టాడమ్మా. తిడుతూనే అనుకో. రేపటి సంగతి రేపు చెప్తాడట."

"చెప్పనీ తాతా," అంది పొగమ్మ, కుర్చీ ఎనలైజర్‌కు దగ్గరగా లాక్కుంటూ. "రేపూ ఇక్కడే ఉంటాగా."