ముక్కు బరువు

కారు వెనక చిన్న బండి తగిలించుకుని పోయేవాడు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ బండి ముక్కు కారు హుక్కు మీద కొంత బరువు మోపాలి. మొత్తంలో పదో వంతు అనుకోండి. అంతకు తగ్గితే, వేగం అందుకోగానే బండి కుక్కతోకలా ఊగుతుంది. కారునీ ఊపి గుంటలోకి లాగుతుంది. మరీ ఎక్కువైతే కారు నడుం కూలబడుతుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసి బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేరాను. నాకు అక్షరాల కంటే బరువులు బాగా తెలుసు.

లోపల పడుకోవడానికి వీలయ్యే అలాంటి బండి ఒకటి కట్టాలన్న బుద్ధి నాది కాదు, మా బావది. అంటే మా అక్క మొగుడిది. పరుపుల షాపులో అమ్మకాలు చూసేవాడు. చూడటమంటే, వచ్చినవాళ్ళతో పాటు తనూ పరుపు మీద వాలిపోవడం. "రండి, మొహమాటపడకండి, ఒకసారి నడుం వాల్చి చూడండి" అంటూ పక్కన చోటు చూపించేవాడు. ఆ మనిషి గురక వింటే పరుపు మీద నమ్మకం కలిగేదని షాపువాళ్ళు చెప్పుకునేవారు.

నా భార్య పుట్టింటికని వెళ్ళి తిరిగి రాని ఏడాది, నాకో డబల్ పరుపు అంటగట్టాడు.

"ఒక్కడికి ఇంత పరుపెందుకు బావా?"

"రేపెవరైనా వస్తే?"

"ఎవరొస్తారు, నీ మొహం."

"ఎవరూ రాకపోతే నేనొస్తాలేరా రేకూ! పక్క అలా ఖాళీగా ఉంచకూడదు. పరుపు ఒకవైపే కుంగి పాడైపోతుంది."

షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. రేకులు కొట్టేవాడినని నాకు రేకు అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ రోజు నేను నవ్వలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. అప్పటినుంచీ గోడవైపే నా చోటు.

ఆ బండికని బావ తెప్పించిన కిట్టు పొడుగాటి అట్టపెట్టెల్లో వచ్చింది. ఫ్రేముకి కావలసిన ఇనప కమ్మీలు, ఇరుసు, రెండు చక్రాలు, సంచీడు బోల్టులు, బిగించే వరస చూపించే బొమ్మల కాగితం. అంతే. నేల, గోడలు, పైకప్పు మనమే కట్టుకోవాలి. మనం అంటే నేను. బావ మా ఇంటి వెనక షెడ్డులో బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని సలహాలిచ్చేవాడు. "ఇలా కాదురా, ఆ నట్టు ముందు" అనేవాడు గానీ, పోయేదాకా ఒక్క నట్టు బిగించిన పాపాన పోలేదు.

ఫ్రేము మీద ప్లైవుడ్ నేల పరవగానే మాత్రం ఎక్కి పడుకున్నాడు. తల, వెనక తలుపు రాబోయేవైపు.

"తల ముందుకి పెట్టుకో బావా. బరువు ముందుండాలి."

"ముందుకి పెట్టుకుని నీ కారు డిక్కీ చూస్తూ పడుకోవాలా? వెనక తలుపు తీస్తే ఆకాశమంతా కనబడుతుందిరా. ఎడమ పక్క నాది, తల వెనక్కి. మీ అక్కకి కుడి పక్క. ఇంక దీని మీద మాటల్లేవు."

తర్వాతి వారం పోయాడు. షాపులోనే. మధ్యాహ్నం తిన్నాక కిటికీ దగ్గరున్న పరుపు మీద వాలాడు. రోజూ చేసేదే. గాజు అవతల జనం చూస్తూ నడిచిపోయారు. ఎవరో ఒకావిడ లోపలికొచ్చి, ఆయన అంత హాయిగా నిద్రపోతున్న పరుపే తనకి కావాలని అడిగిందట. షట్టరు దించేముందు లేపబోతే తెలిసింది.

అక్కకి ఆ రోజునుంచీ నిద్ర లేదు. మంచం ఎక్కేది కాదు. హాల్లో కుర్చీలో కూర్చుని గోడకేసి చూసేది. డాక్టరిచ్చిన మాత్రలు మింగి, మబ్బుగా తిరుగుతూ పొయ్యి మీద గిన్నెలు మాడ్చేది. చెంపలు లోపలికి పోయాయి. ఈ లోకంలో నన్ను ఒరేయ్ అని పిలిచే మనిషి ఇంక ఆవిడొక్కతే. ఒక సాయంత్రం షెడ్డుకొచ్చి ఫ్రేము మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఒరేయ్, ఇది ఎప్పటికవుతుంది?"

"ఎందుకిప్పుడు? ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నా."

"ఇచ్చేస్తే చంపేస్తా. ఆ ఇంట్లో నాకు నిద్ర రాదురా. పక్కకి తిరిగితే ఖాళీగా ఉంటుంది. ఆయన నాకు చోటు చూపించి పోయింది ఇందులోనే కదా. ఇందులోనైనా కళ్ళు మూతపడతాయేమో చూస్తాను. ఇందులోనూ పడకపోతే ఇంక నా వల్ల కాదు."

ఆఖరి మాట మామూలుగానే అంది, ఉప్పు అయిపోయిందన్నట్టు. అందుకే భయమేసింది.

పని మొదలుపెట్టాను. ప్లైవుడ్ కోసి, వీపులా వంపు తిరిగిన గోడలు నిలబెట్టాను. పైన అల్యూమినియం రేకు వంచి రివెట్లు కొట్టాను. వెనక తలుపు పైకి లేచేలా కీళ్ళు బిగించాను. లోపల సామానుకి అర కట్టి పైన పలకలు పరిచాను. బావ షాపువాళ్ళు కొలత ప్రకారం పరుపు కోసి పంపారు. ఇరుసు కాగితంలో చెప్పినచోటే ఉంది. ఆఖరున, ఒళ్ళు బరువు చూసుకునే చిన్న మిషను తెచ్చి, బండి ముక్కు దాని మీద ఆనించాను.

ముల్లు కదల్లేదు.

మిషను పాడయిందేమోనని నేనెక్కి చూశాను. నా బరువు సరిగ్గానే చూపించింది. షెడ్డు నేల వాలుగా ఉందేమోనని రసమట్టం పెట్టి చూశాను, సమంగానే ఉంది. మళ్ళీ ముక్కు ఆనించాను. వేలు పెట్టి లేపితే లేచింది. పైకి లేచి అలాగే ఉండిపోయింది, వెనక ఎవరో కూర్చున్నట్టు. చుట్టూ తిరిగి చూస్తే ఎడమ స్ప్రింగు కుంగి ఉంది.

పాత ఇనుము కొట్టులో పెద్ద కాటా ఉంది. మెల్లిగా అక్కడికి లాక్కుపోయాను. నేను వాడిన సామానంతా కూడితే ఎంతవుతుందో నాకు తెలుసు. కాటా దాని కంటే ఎక్కువ చూపించింది. కొద్దిగా కాదు, బాగా తిన్న మనిషంత. కొట్టు ఓనరు నోట్లో అగ్గిపుల్ల అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు:

"ఏం మేస్త్రీ, లోపల ఎవరో పడుకున్నట్టున్నారు. దిగమను, సరిగ్గా తూస్తాను."

"ఎవరూ లేరు."

"నా కాటాకి అబద్ధం రాదు. నీ సంగతి నాకు తెలీదు."

వెనక తలుపు ఎత్తాను. ఇద్దరం తొంగి చూశాం. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కొత్త పరుపు. ఎడమ పక్కన పొడుగ్గా లొత్త పడి ఉంది. తల దగ్గర, అంటే మా మొహాల దగ్గర, ఎక్కువ లోతుగా ఉంది. కవరు మీద ఒకచోట ఆవిరి పట్టి ఉంది. మేం చూస్తుండగానే కాస్త తగ్గింది, మళ్ళీ పట్టింది.

కొట్టు ఓనరు అగ్గిపుల్ల ఉమ్మేశాడు. "తీసుకుపో మేస్త్రీ. ఇది నా దగ్గర పెట్టకు."

నేను ఇలాంటివి నమ్మే రకం కాదు. బావ బతికున్నప్పుడు ఆయన మాటలే నమ్మలేదు. అందుకని బండిని ఊరిబయట ఖాళీ రోడ్డు మీద పరిగెత్తించాను. వేగం అందుకోగానే వెనక నుంచి ఎవరో కారుని భుజం పట్టి కుదిపినట్టయింది. అద్దంలో బండి ఎడమకీ కుడికీ కొట్టుకుంటోంది. బ్రేకు తొక్కకుండా కాలు తీసేశాను కాబట్టి బతికాను. మట్టిలోకి దిగి ఆగాక, చక్రాలు చూసుకుని నడిచే వేగంతో ఇంటికి లాక్కొచ్చాను. అక్కని ఎక్కించుకుని ఎక్కడికైనా పోవాలంటే ఈ బరువు సంగతి తేలాలి.

ఆవిడకి చెప్పక తప్పలేదు. నవ్వుతుందనుకున్నాను. వచ్చి, చెప్పులు విడిచి, పరుపు అంచున చెయ్యి పెట్టి ఆ లొత్త మీదుగా మెల్లగా రాసింది.

"ఎంత చెప్పినా తల అటే పెట్టుకున్నాడు చూడు."

"అక్కా, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ ఇరుసు నేను లెక్క ప్రకారం బిగించాను. ఆయన కోసం నా లెక్క మార్చుకోవాలా?"

"మార్చుకుంటే ఏం పోతుందిరా?"

"బతికినన్నాళ్ళూ డ్రమ్ము దిగలేదు. చచ్చాక కూడా నేనే మొయ్యాలి."

"మొయ్యి. నువ్వు కాకపోతే ఇంకెవరు మోస్తారు ఆయన్ని?" అని నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

కిట్టు ఫ్రేముకి ఇరుసు జరుపుకోవడానికి పొడుగాటి కన్నాలుంటాయి. బోల్టులు వదులు చేసి ఇరుసుని వెనక్కి జరిపాను, ఆయన నడుం కిందికి వచ్చేలా. మళ్ళీ బిగించి ముక్కు ఆనిస్తే ముల్లు సరిగ్గా ఉండాల్సిన చోట ఆగింది. లేని మనిషికి చోటు లెక్కగట్టి ఇరుసు బిగించిన పనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. రోడ్డు మీద బండి గీత గీసినట్టు నడిచింది.

ఊరికి దూరంగా, కొండ కింద చెరువు ఒకటుంది. అక్కడికి వెళ్ళాం. అక్క బండిలో పడుకుంది, కుడి పక్క. నేను కారులోనే సీటు వెనక్కి వాల్చుకున్నాను. తలుపులు మూసుకునేముందు అక్క గొంతు వినిపించింది, ఎవరినో మెల్లగా కసురుకుంటున్నట్టు: "దుప్పటంతా నీకేనా?"

తెల్లారి ఎండ మొహాన పడేదాకా ఆవిడ లేవలేదు. లేచాక చూస్తే మొహం వేరే మనిషిది. చెంపల్లోకి రంగొచ్చింది.

"ఒక్కసారి కూడా మెలకువ రాలేదురా! ఆ గురక వింటూ అలాగే పడిపోయాను. ఇంక ప్రతి వారం వద్దాం. వారం ఏమిటి, ఇంటి ముందు పెట్టు దీన్ని, రోజూ ఇందులోనే పడుకుంటాను."

ఆవిడ మొహం కడుక్కోవడానికి చెరువు గట్టు దిగింది. నేను బండిని కారుకి తగిలిద్దామని ముక్కు పట్టుకుని ఎత్తాను. లేవలేదు. నడుం బిగించి ఎత్తితే చేతులు వణికాయి. హుక్కు మీద పెట్టగానే కారు వెనకభాగం కూలబడింది. ఎడమ స్ప్రింగు చూశాను. నిటారుగా ఉంది. వెనక తలుపు ఎత్తి పరుపు చూశాను. కుడి పక్కన అక్క పడుకున్న గుర్తు ఉంది. ఎడమ పక్క షాపులో ఉన్నట్టు చదునుగా ఉంది. చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

వెళ్ళిపోయాడు. ఆవిడని నిద్రపుచ్చి వెళ్ళిపోయాడు.

నా మనసులో మొదట వచ్చిన మాట చెబితే మీకు నచ్చదు. చూశావా అక్కా, నీ దగ్గర కూడా నిలవలేదు నీ మొగుడు, అందామనిపించింది. నన్ను వదిలి వెళ్ళిన మనిషి గురించి బావ షాపులో పదిమంది ముందు వేసిన జోకు అప్పటిదాకా నా గొంతులోనే ఉంది మరి.

గట్టు కిందనుంచి అక్క అరిచింది: "ఒరేయ్, ముక్కు సరిగ్గా ఉందా? ఉన్నాడా?"

నీళ్ళకని తెచ్చిన ఖాళీ డబ్బాలు కారులో ఉన్నాయి. దారిలో బరువెందుకని ఇక్కడే నింపుకుందామనుకున్నవి.

"ఉన్నాడు. నువ్వు నిదానంగా రా," అన్నాను.

చెరువుకి ఇవతలి పక్కన దిగి డబ్బాలు నింపాను. ఒక్కొక్కటీ మోసుకొచ్చి పరుపు కింద అరలో, ఎడమ పక్క, వెనకగా పెట్టాను. ఎడమ స్ప్రింగు కుంగింది. ముక్కు తేలికపడింది. పరుపు మీద మోచేతితో నొక్కి లొత్త చేశాను. తల ఉండేచోట ఎక్కువ నొక్కాను. అక్క వచ్చి తొంగి చూసింది. "ఇంకా లేవలేదా మహానుభావుడు," అని దుప్పటి ఆ పక్కకి కప్పింది.

దారిలో అక్క వెనక సీట్లో మళ్ళీ నిద్రపోయింది. బండి బుద్ధిగా వస్తోంది. కొంతదూరం పోయాక కారులో గంట మోగడం మొదలైంది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది. నా పక్క సీట్లో సంచీ కూడా లేదు. సీటు మీద గట్టిగా కొట్టాను. ఆగలేదు. అక్కకి మెలకువ వస్తుందని భయమేసింది. కారు పక్కకి ఆపి, వంగి, ఆ ఖాళీ సీటుకి బెల్టు లాగి పెట్టాను. గంట ఆగింది. బెల్టు సీటుకి ఆనుకోలేదు. మధ్యలో గాలిలో, పొట్టంత ఎత్తున నిలబడి ఉంది.

ఇల్లు చేరేదాకా పక్కకి చూడలేదు.

బండి ఇప్పుడు అక్క ఇంటి ముందుంది. పరుపు కింద ఎడమ పలక ఒకటి కాస్త దించి బిగించాను, లొత్త పోకుండా. డబ్బాల్లో నీళ్ళు తగ్గాయేమోనని అప్పుడప్పుడూ వెళ్ళి చూస్తాను. రివెట్లు చూస్తున్నానని చెబుతాను. అక్క చెంపలు నిండాయి. పొద్దున్నే ఫోను చేసి, "రాత్రి మీ బావ గురక పక్కింటివాళ్ళకి కూడా వినబడి ఉంటుందిరా" అంటుంది. నేను ఊ కొడతాను. ఆవిడ వింటున్న గురక ఎవరిదో నాకు తెలియదు. ఆయనది కాదని మాత్రం తెలుసు.

ఎందుకంటే మా ఇంట్లో మంచం మీద, గోడవైపు కాక రెండోవైపు, ఇన్నేళ్ళూ నలగని పరుపు కుంగింది. తల కాళ్ళవైపు పెట్టుకున్నాడు, అటే కిటికీ ఉందని కాబోలు. పనివాడి బుద్ధి పోదు కదా, బరువు చూసే మిషను తెచ్చి ఆ మంచం కోడు కింద పెట్టాను. నేను దూరంగా గుమ్మంలో నిలబడ్డాను. ముల్లు మెల్లగా పైకి లేచి, ఊపిరి తీసుకుంటున్నట్టు కాస్త పైకీ కిందికీ ఆడింది.

నిజం చెబితే అక్కకి మళ్ళీ నిద్ర కరువవుతుంది. చెప్పలేదు గనక నాకు కరువైంది. మంచం వాలిపోయి, గోడవైపు పడుకున్నవాణ్ణి కూడా అటే జారుతుంటాను. అంచు పట్టుకుని ఎంతసేపని వేలాడతాను? కొన్నాళ్ళు పళ్ళు బిగించి ఊరుకున్నాను. నిన్న ఇంక చేతులు నొప్పెట్టి, మోచేతితో ఆ ఖాళీని పొడిచాను.

"కాస్త జరుగు బావా."

మంచం కిర్రుమంది. పరుపు నా కింద సమంగా లేచింది.